ఫోటో వెనక నంబరు

కౌసల్య దగ్గర ఆల్బములు ఉండేవి. పెళ్లి ఫోటోలు పెట్టుకునే రకం. రెక్సిన్ అట్ట, లోపల ప్లాస్టిక్ అరలు. ఒక్కో అరలో ఒక్కో ఆడమనిషి ఫోటో. సినిమాలో పెళ్లి జరుగుతుంటే వెనక కుర్చీల్లో కూర్చునేవాళ్లు, హీరో రోడ్డు మీద పరిగెడుతుంటే పక్కకు తప్పుకునేవాళ్లు, కాలేజీ మెట్ల మీద పుస్తకాలు పట్టుకుని నవ్వేవాళ్లు. వాళ్లను షూటింగులకు పంపడం ఆమె పని. ప్రొడక్షన్ మేనేజర్ ఆల్బమ్ తిప్పి కావలసిన ముఖాల మీద వేలు పెడతాడు. ఆమె ఆ ఫోటోను అరలోంచి సగం బయటికి లాగి, వెనక బాల్‌పెన్నుతో రాసి ఉన్న పేరు, ఏరియా, ఫోన్ నంబరు చూసుకుని మళ్లీ లోపలికి తోసేస్తుంది. ఫోటో ఆమె చేయి దాటదు. వెనక రాసినది ఇంకెవరూ చదవరు.

కృష్ణానగర్‌లో ఏజెంట్లందరూ నంబర్లు దాచుకుంటారు. నంబరు పోతే కమీషన్ పోతుందని వాళ్ల భయం. కౌసల్య దాచుకోవడానికి కారణం వేరు.

ఆమె బోరబండలో పుట్టింది. తల్లి కొమురమ్మ ఎర్రగడ్డ మార్కెట్లో ఆకుకూరలు అమ్మేది. కౌసల్య ఇంటర్ తప్పిన ఏడాది ఒక సినిమాలో సంత సీను కోసం తల్లినీ కూతుర్నీ బుట్టలతో సహా వ్యానెక్కించుకుని తీసుకెళ్లారు. ఎండలో నిలబెట్టి ఒకే బుట్టను పదిసార్లు ఎత్తించి దింపించారని తల్లి మర్నాడు మానేసింది. కౌసల్య వెళ్లింది. తర్వాత చాలా ఏళ్లు గుంపులో నిలబడింది. నోరు తెరిస్తే బోరబండ మాట వస్తుందని ఆమెకు డైలాగు ఇచ్చేవాళ్లు కాదు. ఒక్కసారి ఇచ్చారు. పనిమనిషి వేషం, జనం నవ్వడానికి. మాట మార్చుకుంటే మంచి వేషాలు వస్తాయని అప్పట్లో చాలామంది చెప్పారు. ఆమె మార్చుకోలేదు.

ఆ రోజుల్లో ఎవరికీ సొంత ఫోను లేదు. కృష్ణానగర్‌లో గది కిరాయికి తీసుకున్న కౌసల్య తన సందు చివరి ఎస్టీడీ బూత్ నంబరు ఇచ్చేది. ఒకరోజు ఎవడో సినిమా కంపెనీవాడు ఆ బూత్‌కు ఫోన్ చేసి ఆమె గురించి అనకూడని మాట అన్నాడు. ఎత్తింది బూత్ యజమాని. సాయంత్రానికి సందంతా పాకింది. ఇంటి ఓనరమ్మ ఆమె ట్రంకుపెట్టె తెచ్చి గేటు బయట పెట్టింది. కౌసల్య ఆ పెట్టెను మళ్లీ లోపలికి మోసుకుపోయింది. ఓనరమ్మ నీళ్లు బందు చేస్తే పక్కింటి బోరు దగ్గర బిందె పట్టుకుంది. కిరాయి కట్టిన నెల గడిచేదాకా అక్కడే ఉండి, ఆ తర్వాత తనంతట తానే ఖాళీ చేసింది.

ఆమె ఆల్బములోని ఆడవాళ్లలో సగం మంది ఇళ్లలో అబద్ధం చెప్పి వచ్చేవాళ్లు. అమీర్‌పేటలో బట్టల షాపని ఒకరు, ఆసుపత్రిలో ఆయా పనని ఒకరు, హైటెక్ సిటీలో హౌస్‌కీపింగ్ అని ఇంకొకరు. సినిమా మీద బతికే పేటలో సినిమా ఆడవాళ్లకు గది ఇచ్చే ఓనర్లు తక్కువ. అందుకే ఆమె ఏజెంటు అయ్యాక పెట్టుకున్న మొదటి నియమం, కబురు ఎవరికైనా తన నోటి మీదుగానే వెళ్లాలని.

మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేచిన కొద్దీ ఫిల్మ్‌నగర్ ఆఫీసుల్లో కూడా టేబుల్ మీద కంప్యూటర్ లేకపోతే పరువు తక్కువైంది. భీమవరం నుంచి వచ్చి స్థిరపడిన త్రినాథరావు పెద్ద కంపెనీలకు ప్రొడక్షన్ మేనేజరు. షూటింగ్ ఎంత ఆలస్యమైనా ఆడవాళ్లను వ్యాన్‌లో ఇంటిదగ్గర దింపించే మనిషి కనక కౌసల్యకు ఆయనంటే గౌరవం. ఆల్బములు మోసుకుని ఎండలో తిరగడం దేనికి, ఫోటోలు మెయిల్లో పంపితే ఆఫీసులో అందరం చూసుకుంటాం కదా అన్నాడాయన. ఆమె ఒక పాత కంప్యూటర్ కొంది. ఫోటో స్టూడియో జగదీశ్ ఆల్బములు తీసుకుని ఒక్కో ఫోటో స్కాన్ చేసి అందులో ఎక్కించాడు. నమ్మకస్తుడు. ఫోటో తిప్పి, వెనక ఉన్న పేరు, ఏరియా, నంబరు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, కంప్యూటర్లో ఆ ఫోటో ఫైలుకు అదే పేరుగా పెట్టాడు. వెనక రాసింది ఒక్క ముక్క కూడా పోలేదని ఆమెకు చూపించాడు. ఆమె సంతోషించింది. త్రినాథరావు అడిగినప్పుడల్లా ఫోటోలు పంపింది.

కొన్నాళ్లకు లీలాకుమారి వచ్చింది. ఆమెది తుని. మోతీనగర్‌లో భర్త, అత్తగారితో ఉంటుంది. అమీర్‌పేట బట్టల షాపులో పని అని చెప్పుకున్నది ఆమే. వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, నా నంబరు నువ్వే ఇచ్చావా?"

ముందురోజు ఎవడో ఫోన్ చేశాడు. ఎత్తింది భర్త. అవతలివాడు మోతీనగర్ లీలాకుమారేనా అని అడిగి, ఫోటో చూశాననీ, ఒకసారి కలవాలనీ అన్నాడు. రాంగ్ నంబరని భర్తకు చెప్పి నెట్టుకొచ్చింది.

"రాంగ్ నంబరు వాడికి నా పేరెలా తెలిసిందని మా ఆయన ఇంకా అడగలేదు. ఇంకో ఫోన్ వస్తే అడుగుతాడు. అడిగిన రోజు నేను ఆ ఇంట్లో ఉండను."

కౌసల్య తాను ఇవ్వలేదని తల్లి మీద ఒట్టు వేసింది. ఆ వారంలోనే మరికొందరు అదే మాట అడిగారు. ఎవరో ఏజెంటు దొంగిలించాడనుకుంది. తర్వాత జగదీశ్ మీద అనుమానపడి స్టూడియోకి వెళ్లి నలుగురిలో తిట్టింది. చివరికి పై గదిలో ఉండే వందనను పిలిచి కంప్యూటర్ చూడమంది. వందన సిద్దిపేట అమ్మాయి, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. మేడ మీద బట్టలు ఆరేసుకునే దగ్గర ఇద్దరికీ స్నేహం. త్రినాథరావు ఆఫీసుకు కౌసల్య పంపిన ఒక మెయిల్ తెరిచి చూసింది.

"అక్కా, ఫోటో కింద నంబరు మొత్తం కనవడుతుంది గదా."

"అది ఫోటో ఎనక రాసింది. తిప్పితేనే గదా కనవడేది."

"దీనికి ఎనక లేదక్కా," అంది వందన. "ముఖం ఎక్కడికి పోతే నంబరు గాడికే పోతది."

కౌసల్య లేచి గోడకున్న స్విచ్ ఆపేసింది. మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగింది. తప్పు తనదేనని చెప్పింది. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తవద్దనీ, తన నంబరు కనిపిస్తేనే ఎత్తమనీ చెప్పింది. ఒకామె వినకుండానే తలుపు వేసింది. ఒకామె ఏడ్చింది. జగదీశ్‌ను కూడా నలుగురిలోనే క్షమించమని అడిగింది. ఆఫీసులో ఉన్న ఫోటోలు తీసేయించమని త్రినాథరావును అడిగితే అలాగేలే అన్నాడు. ఆయన మర్చిపోయాడని తర్వాత తెలిసింది.

కంప్యూటర్ అమ్మేస్తానంది. వందన వద్దంది. తప్పు పెట్టెది కాదు, అందులో ఏది ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలి అంది. ఆదివారాలు ఆమె ఒక సంఘానికి వెళ్లేది. అక్కడ కొందరు ఉద్యోగులు, విద్యార్థులు కలిసి ఎవరైనా ఉచితంగా వాడుకోగల సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే పని చేసేవాళ్లు. అక్కడినుంచి ఒక సీడీ పట్టుకొచ్చింది. అది కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేరనీ, పేరు లినక్స్ అనీ, కంప్యూటర్ అమ్మినవాడు వేసిన దొంగ కాపీ తీసేసి ఇది వేసుకుందామనీ చెప్పింది. కౌసల్య భర్త హనుమంతు ఆటో తుడుస్తూ ఇదంతా విన్నాడు.

"ఊకెనే ఇస్తుండ్రంటే ఏదో ఉంటది," అన్నాడు. "ముంచిన చిట్టీ కంపెనీ కూడ ఫస్టు గిట్లనే ఇడ్లీ పెట్టింది."

కౌసల్యకూ అదే అనుమానం. వందన తనకు వచ్చినట్టు చెప్పింది. దీని లోపల ఏం రాశారో దాచరు. చదవగలిగిన వాళ్లు ఎవరైనా చదవచ్చు. ప్రపంచంలో వేలమంది చదువుతూనే ఉంటారు. ఎవడైనా దొంగపని పెడితే ఎవరో ఒకరి కంట పడే అవకాశం ఎక్కువ.

"అంటే బండి మీద మిర్చి ఏసినట్లు," అంది కౌసల్య. "నూనె కనవడుతది, పిండి కనవడుతది."

"గట్లనే. తిన్నంక కడుపు నొయ్యదని నేను ఒట్టెయ్య. కానీ ఏం నూనెనో చూడొచ్చు."

ఆ జవాబు కౌసల్యకు నచ్చింది. ఒట్టు వేసి ఉంటే ఒప్పుకునేది కాదేమో.

అది వేశాక కంప్యూటర్ తెరిస్తే మెనూలు తెలుగులో వచ్చాయి. వాటిలో కొన్ని మాటలు తెలుగైనా అర్థం కాలేదని ఆమె నవ్వింది. ఫోటోల పేర్లు తీసేసి ఒక్కోదానికి ఒక అంకె ఇచ్చారు. ఫోటో లోపల కంటికి కనబడకుండా ఉండే వివరాలు కూడా ఒక ప్రోగ్రాముతో తుడిచేశారు. ఏ అంకె ఎవరిదో, ఏ నంబరో వేరే ఫైలులో పెట్టి దానికి తాళం వేశారు. తాళంచెవి ఒక వాక్యం. అది కౌసల్యే అనుకుని, వందనను బయటికి పంపి, తానే టైపు చేసింది. ఆ వాక్యం మర్చిపోతే ఏమవుతుందని అడిగింది. ఎవరూ తెరవలేరని వందన చెప్పింది.

"నీక్కూడ రాదా?"

"రాదు."

"జేసినోళ్లకు?"

"వాళ్లక్కూడ రాదు."

"గట్లనే ఉండాలె," అంది కౌసల్య.

ఇబ్బందులు రాకపోలేదు. ప్రింటరు కొన్నాళ్లు పనిచేయలేదు. ఆఫీసుల నుంచి వచ్చే తెలుగు కాగితాలు వాళ్ల ఫాంటులో టైపు చేసినవి కావడంతో ఆమె తెర మీద పిచ్చిగీతల్లా వచ్చేవి. ఫోన్ చేసి చదివించుకునేది. త్రినాథరావు విసుక్కునేవాడు. ఫోటోకు పేరు లేకపోతే మేం ఏమని పిలవాలి, జైల్లో ఖైదీల్లాగా అంకెలేంటమ్మా అనేవాడు. మీరు పిలవొద్దు సార్, నేను పిలుస్తా అనేది. పాత ఏజెంటు ఆదినారాయణ ఆమెకు లినక్స్ కౌసల్య అని పేరు పెట్టాడు. అది టీ కొట్టుదాకా పాకింది. ఒకరోజు ఆమె వినేటట్టే అన్నాడు. ఆమె గ్లాసు కింద పెట్టలేదు.

"పెట్టుకో అన్నా. నీ కంప్యూటర్ల రోజూ ఎవరు కూసుని పోతరో నీకు తెల్వదు. నా దాంట్ల నేనొక్కదాన్నే కూసుంట."

ఆ మరుసటి వేసవిలో త్రినాథరావు ఆమెను జూబ్లీహిల్స్‌లో ఒక ఆఫీసుకు తీసుకెళ్లాడు. ఒక నిర్మాత మేనల్లుడు సుహాస్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి జూనియర్ ఆర్టిస్టుల కోసం వెబ్‌సైటు పెడుతున్నాడు. ముఖం, పేరు, ఏరియా, నంబరు, కొలతలు. ఏ కంపెనీకి ఎవరు కావాలన్నా నేరుగా ఫోన్ చేసుకోవచ్చు. ప్రస్తుతానికి కొన్ని ఆఫీసులకే కనిపిస్తుంది. నిర్మాత కొత్త సినిమాలో పెళ్లి సీన్లు మొదలయ్యే రోజున అందరికీ తెరుస్తారు. ఆ పెళ్లికి చాలామంది ఆడవాళ్లు కావాలి.

సుహాస్ మర్యాద తెలిసిన కుర్రాడు. కాఫీ తెప్పించాడు. ఏజెంట్లు ఆడవాళ్ల కష్టంలో సగం తింటున్నారనీ, కొందరు అంతకన్నా హీనమైనవి అడుగుతున్నారనీ, ఇక ఆ అవసరం ఉండదనీ చెప్పాడు. అందులో అబద్ధం లేదని కౌసల్యకు తెలుసు. అలాంటి ఏజెంట్ల కింద ఆమె కూడా పనిచేసింది.

"మీలాంటి మంచివాళ్లు ఉంటారు ఆంటీ. కానీ మంచితనం మీద డిపెండ్ అయ్యే సిస్టమ్ కరెక్ట్ కాదు కదా."

"నేరుగా ఫోన్ చేసేటోళ్లు ఎవరు బాబూ?"

"రిజిస్టర్ అయిన ప్రొడ్యూసర్లే."

"రిజిస్టర్ ఎట్ల అయితరు?"

"సింపుల్. ఈమెయిల్, ఫోన్ నంబర్ ఇస్తే చాలు."

ఆమె త్రినాథరావు వైపు చూసింది. ఆయన కాఫీ తాగుతున్నాడు.

అందరి ఫోటోలూ ఇస్తాననీ, నంబరు దగ్గర మాత్రం అందరికీ తన నంబరే వేసుకోమనీ ఆమె అడిగింది. ఒక నంబరుకు ఒక్క ప్రొఫైలే వస్తుంది, సిస్టమ్ తీసుకోదన్నాడు సుహాస్. అయితే నీ సిస్టమే మార్చుకో అంది. సినిమాలో ముఖం ఎలాగూ కనిపిస్తుంది కదా, ఇందులో కొత్తగా దాచేదేముందని అతను నిజంగానే అర్థంకాక అడిగాడు.

"సినిమాల ముఖం కనవడుతది బాబూ. ముఖం కింద మోతీనగర్ అని రాయరు."

అతను, మీరు ఇవ్వకపోయినా పర్వాలేదు, మీవాళ్లు ఆల్రెడీ ఉన్నారు అంటూ తెర ఆమె వైపు తిప్పాడు. పాత మెయిళ్లలో వెళ్లిన ఫోటోలు వరసగా ఉన్నాయి. జగదీశ్ పెట్టిన పేర్లను విడగొట్టి పేరును పేరు గడిలో, ఏరియాను ఏరియా గడిలో, నంబరును నంబరు గడిలో నింపారు. మూడో వరసలో లీలాకుమారి. పసుపురంగు చీరలో, స్టూడియో తెర ముందు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని.

త్రినాథరావు కప్పు వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ మెయిళ్లు ఇచ్చింది ఆయన ఆఫీసేనని ఆమెకు చెప్పనక్కరలేదు.

తీసేయమని ఆమె అడిగింది. ఎవరి ప్రొఫైలు వాళ్లే గుర్తింపు కార్డుతో వచ్చి తీసేయమని రాసివ్వాలి, అది పాలసీ అన్నాడు సుహాస్.

"పెట్టేటప్పుడు వాళ్లు రాలే. తీసేటప్పుడు కార్డు పట్టుకుని రావాల్నా?"

అతను పాలసీ అనే మాట మళ్లీ అన్నాడు. ఆమె లేచి వచ్చేసింది.

సంగతి కృష్ణానగర్‌లో తెలిశాక అందరూ ఆమె వైపు నిలబడలేదు. హీరోయిన్ కావాలని రాజమండ్రి నుంచి వచ్చిన నిహారిక, మేడ మెట్ల మీద ఆమెను నిలేసింది.

"నువ్వు దాచిపెడితే మేం గుంపులోనే ముసలివాళ్లమైపోతాం అక్కా. నన్ను నాలుగు కంపెనీలవాళ్లు చూడాలి. నా నంబరు వాళ్ల దగ్గర ఉండాలి."

కౌసల్యకు కోపం వచ్చింది. పిల్ల పొగరని వందనతో అంది. వందన ఆమెను సమర్థించలేదు. ఆ అమ్మాయి నంబరు ఆ అమ్మాయిది, ఇవ్వడం ఆమె ఇష్టమే కదా అంది. మర్నాడు కౌసల్య తానే నిహారిక గదికి వెళ్లింది. నీది ఉండనీ, అడిగి పెట్టుకున్నది వేరు, అడగకుండా పెట్టింది వేరు, నేను కొట్లాడేది రెండోదాని గురించే అని చెప్పింది.

పెళ్లి సీన్ల కోసం సుహాస్ ఆఫీసు నుంచి ఆడవాళ్లకు ఫోన్లు వెళ్లాయి. దాదాపు ఎవరూ ఎత్తలేదు. మెసేజీలు పంపారు, జవాబు రాలేదు. పాత గొడవ తర్వాత కౌసల్య మనుషులు తెలియని నంబరు ఎత్తడం ఎప్పుడో మానేశారు. నిహారికా మరో ముగ్గురూ మాత్రమే వస్తామన్నారు. మంగళవారం పొద్దున్నే షూటింగ్. సోమవారం మధ్యాహ్నం త్రినాథరావు కౌసల్య ఇంటికి వచ్చాడు. అన్నేళ్లలో ఆయన ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి.

హీరో డేట్లు దొరకడం కష్టమనీ, సెట్టు వేసేశారనీ, రేపు పెళ్లిలో జనం లేకపోతే తన ఉద్యోగమే పోతుందనీ చెప్పాడు. ఆమె మంచినీళ్లు ఇచ్చింది. సైటులో ఉన్న తన ఆడవాళ్లను తీసేస్తే పంపుతానంది.

"అది నా చేతిలో ఉందా కౌసల్యా?"

"మెయిళ్లు ఇచ్చింది మీ చేతనే గద సార్."

ఆయన తల దించుకున్నాడు. అడుగుతానన్నాడు. తెల్లారేసరికి అవుతుందని మాట ఇవ్వలేనన్నాడు.

"వ్యాన్లు పంపుండ్రి. ఆడోళ్లు వస్తరు. ఎక్కుడు ఎక్కకపోవుడు మీ సుహాస్ బాబు చేతిల ఉంటది."

ఆయన వెళ్లాక ఆమె ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. రేపు పట్టుచీరలో రమ్మంది. వచ్చినా ఎక్కకపోవచ్చనీ, పొద్దు వృథా కావచ్చనీ, ఎక్కాలనుకున్నవాళ్లు ఎక్కవచ్చనీ, తాను ఏమీ అనుకోననీ అందరికీ ఒకేలా చెప్పింది. కుదిరినవాళ్లు ఈ సాయంత్రమే కొత్త సిమ్ తీసుకోమని కూడా చెప్పింది. లీలాకుమారి మాత్రం ఎదురు ప్రశ్న వేసింది.

"వాళ్లు తీయకపోతే?"

"తియ్యకుంటే వాళ్ల పెండ్లిల ఖాళీ కుర్చీలు కూసుంటయ్."

పొద్దున త్రినాథరావు వ్యాన్లతో కృష్ణానగర్ వచ్చేసరికి ఆడవాళ్లు మూసి ఉన్న దుకాణాల మెట్ల మీద కూర్చుని ఉన్నారు. తలల్లో పూలు, చేతుల్లో టిఫిన్ పొట్లాలు. డ్రైవర్లు హారన్ కొట్టారు. ఎవరూ లేవలేదు. నిహారిక ఒక వ్యాన్ దాకా వెళ్లి తలుపు పట్టుకుంది. వెనక్కి తిరిగి చూసి, ఎక్కకుండా అక్కడే నిలబడింది.

ఆదినారాయణ అంత తొందరలో దొరికిన తన మనుషులను నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. పెళ్లికి నలుగురేం చాలుతారని త్రినాథరావు చిరాకుపడ్డాడు. ఆదినారాయణ కోపం కౌసల్య మీద తీర్చుకున్నాడు.

"ధర్నాలు చేసేది ఇందిరా పార్కు దగ్గర, లినక్స్ కౌసల్యా. ఇక్కడ కాదు."

"దూరమని గీడ్నే పెట్టినం అన్నా."

మెట్ల మీద నవ్వులు వినిపించాయి. త్రినాథరావు కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. ఆయన ఫోన్ మోగుతూనే ఉంది. సెట్టు నుంచి ఒకరు, నిర్మాత ఆఫీసు నుంచి ఒకరు. ప్రతిసారీ ఆయన రోడ్డు చివరిదాకా నడిచి మాట్లాడి వస్తున్నాడు. వందన ఆఫీసుకు సెలవు పెట్టి, టీ కొట్టు బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, డేటా కార్డు గుచ్చి కూర్చుంది. ఆమెకు ఆ సైటు చూసే వీలు త్రినాథరావే ఇచ్చాడు, తన ఆఫీసు పాస్‌వర్డ్ చెప్పి.

చివరికి సుహాస్ ఫోన్‌లోకి వచ్చాడు. త్రినాథరావు స్పీకర్ పెట్టాడు. అన్ని ప్రొఫైళ్లనూ దాచేశాననీ, ఇక ఎవరికీ కనబడవనీ సుహాస్ చెప్పాడు. వందన పేరుతో వెతికింది, రాలేదు. ముందే రాసిపెట్టుకున్న లింకు కొట్టింది. లీలాకుమారి పసుపు చీరలో వచ్చింది.

"కప్పి పెట్టిండ్రు, తీయలే," అంది వందన.

"డిలీట్ చేస్తే మళ్లీ రావు ఆంటీ. ఇన్ని నెలల వర్క్."

"మాది గూడ శాన ఏండ్ల పనే బాబూ," అంది కౌసల్య.

ఫోన్‌లో వెనక ఎవరిదో పెద్ద గొంతు, నిర్మాతదే కావచ్చు, ముందు ఆ వ్యాన్లు కదిలించు అంటోంది. కాసేపటికి పేజీలు పోవడం మొదలైంది. వందన ఒక్కొక్క లింకే కొట్టి చూస్తూ పేరు చదువుతోంది. పేరు వినబడిన మనిషి మెట్ల మీద నుంచి లేచి నిలబడుతోంది. అలా నిలబడమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నిహారిక పేరు రాగానే ఆమె వ్యాన్ దగ్గర నుంచే, నాది ఉండనివ్వమంది. ఉంచమని కౌసల్య ఫోన్‌లో చెప్పింది. లీలాకుమారి పేజీ కూడా పోయింది.

"అయిపోయింది. ఇక ఎక్కమనండి," అన్నాడు సుహాస్.

కౌసల్య వందన వైపు తిరిగింది. "మొత్తం పోయినయా?"

"బయట కనవడకుంట పోయినయ్. లోపల ఇంకో కాపీ ఉంచుకున్నరో లేదో ఈడికెల్లి కనవడదక్కా. వాళ్లది తెరిచి చూపించే సాఫ్ట్‌వేర్ కాదు."

త్రినాథరావు కంగారుపడ్డాడు. అన్నీ తీశామంటున్నారు కదమ్మా, నమ్మాలి కదా అన్నాడు. కౌసల్య ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"బాబూ, లోపల ఉంచుకుంటే ఉంచుకో. నిన్న సాయంత్రం సగం మంది నంబర్లు మార్చిండ్రు. మిగిలినోళ్లు వారంల మారుస్తరు. నీ దగ్గర ఉన్నయి ఇగ ఎవరి నంబర్లూ కావు. ముఖాలు మళ్ల పెట్టినవంటే, మళ్ల గీ మెట్ల మీదనే కూసుంటం. ఈసారి హీరోకు పెండ్లి ఉన్నా సరే, చావు ఉన్నా సరే."

ఫోన్ తిరిగి ఇచ్చేసింది. ఆడవాళ్లు వ్యానుల వైపు నడిచారు. త్రినాథరావు ఆమె పక్కన నడుస్తూ చెమట తుడుచుకున్నాడు. అలవాటైన మాటే ఆయన నోటికొచ్చింది.

"కొత్త నంబర్లు ఆఫీసులో ఒక కాపీ ఉండాలి కదమ్మా. అర్జెంటైతే ఎలా?"

"నాకు చెయ్యుండ్రి సార్. నేను ఎత్తుత."

"నువ్వెత్తకపోతే?"

"ఎత్తకపోతే ఆ రోజు మీకు జనం లేనట్లే."

ఆయన మొదటి వ్యాన్ డ్రైవర్‌కు చెయ్యి ఊపాడు. లీలాకుమారి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కింది. లోపలి వరసలో చోటున్నా కిటికీ పక్కనే కూర్చుంది. కౌసల్య డ్రైవర్ పక్క సీటులో ఎక్కి తలుపు వేసుకుని, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ ఆగకముందే పోనిమ్మంది.